చెరువులోకి వేడర్: చలిదేశాల సరుకు ఓరుగల్లు చలికి ఎంతవరకు పనికొస్తుంది?

క్లుప్తంగా: వేడర్ అంటే నీళ్లలో దిగేటప్పుడు పాదాల నుంచి ఛాతీ దాకా తొడుక్కునే, నీళ్లు దూరని బట్ట. వాటిలో మందపాటి రకాలు గడ్డకట్టే నీళ్లలో కదలకుండా నిలబడే బాతుల వేటగాళ్ల కోసం తయారైనవి. ఉత్తర తెలంగాణ చెరువుల్లో గట్టి చలి ఉండేది తెల్లవారుజామున రెండు మూడు గంటలే. పని మాత్రం ఒళ్లు వంచి చేసేది. కాబట్టి ఇక్కడ వేడర్ నీళ్లను ఆపితే చాలు, వెచ్చదనం లోపలి బట్టలు చూసుకుంటాయి. గుడ్డ మందం కంటే బూటు పట్టు, మోకాలి దగ్గర కొలత, నడుము బెల్టు ఎక్కువ తేడా తెస్తాయి.

ఎవరి కోసం కుట్టిన బట్ట

డిసెంబరు, జనవరి నెలల్లో వరంగల్, ములుగు, భూపాలపల్లి, మంచిర్యాల వైపు చెరువుల్లో పని చీకటి విడవకముందే మొదలవుతుంది. వానాకాలంలో వదిలిన బొచ్చె, రవ్వ పిల్లలు తూకానికి వచ్చి ఉంటాయి. మత్తడి ఆగిపోయి నీటిమట్టం దిగుతూ ఉంటుంది. మత్స్య సహకార సంఘాల సభ్యులు లాగుడు వల పట్టుకుని నడుము లోతులో బారులు తీరతారు. వలస బాతులు దిగేదీ ఈ నెలల్లోనే. 1987 నుంచి ఏటా జనవరిలో జరిగే ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ కోసం పక్షులను లెక్కించేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు కూడా అప్పుడే చెరువు బాట పడతారు.

వీళ్లలో ఎవరైనా వేడర్ కోసం ఆన్‌లైన్‌లో వెతికితే ‘డక్ హంటింగ్’ అని రాసిన సరుకు ముందు వరుసలో కనిపిస్తుంది. అమెరికా, కెనడాల్లో బాతుల వేట శరదృతువులో మొదలై చలికాలంలోకి సాగుతుంది. నీళ్లు సున్నాకు దగ్గర్లో ఉంటాయి, అంచుల్లో మంచు పెంకులు కడుతుంది. వేటగాడు రెల్లు మాటున గంటల తరబడి కదలకుండా నిలబడాలి. ఆ వేడర్‌లో ప్రతి భాగం ఆ అవసరానికి తగ్గట్టు చేసిందే. మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షుల వేట నేరం. కాబట్టి ఈ బట్టతో ఇక్కడ జరిగేది చేపల పని, పక్షుల లెక్క, తూముల దగ్గర మరమ్మతు. పాకాల లాంటి అభయారణ్యం లోపలి చెరువు దగ్గరికి వెళ్లాలంటే వేడర్ కంటే ముందు అటవీ శాఖ అనుమతి ఉండాలి.

కొనేవాళ్లను తికమక పెట్టేవి ఆ సరుకు మీది అంకెలు. ‘3.5 ఎంఎం’, ‘5 ఎంఎం’ అన్నది నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు మందం. బూట్ల దగ్గర కనిపించే ‘800 గ్రాములు’, ‘1600 గ్రాములు’ బూటు బరువు కాదు, లోపల వేసిన వెచ్చటి పొర చదరపు మీటరుకు అన్ని గ్రాములని అర్థం. 1600 గ్రాముల బూటు మంచునీళ్లలో నిలబడి ఉండే పాదం కోసం చేసింది. దాన్ని తొడుక్కుని రేగడి బురదలో వల లాగితే గంట తిరక్కుండానే మేజోడు పిండితే చెమట కారుతుంది.

నీళ్లు వేడిని లాగే తీరు

నీళ్లు గాలికి సుమారు 25 రెట్లు వేగంగా వేడిని తీసుకుపోతాయి. తెల్లవారుజామున ఓరుగల్లులో గాలి 12, 14 డిగ్రీలకు దిగినా చెరువు నీళ్లు అంత త్వరగా చల్లబడవు. చెయ్యి పెడితే గోరువెచ్చగా తగలడం, నీటి మీద పొగలా ఆవిరి లేవడం అందుకే. అయినా ఒంటి వేడి కంటే అవి చాలా చల్లన. నడుము దాకా గంటసేపు దిగిన మనిషి కాళ్లు మొద్దుబారతాయి, వేళ్లు వలతాడు పట్టు విడుస్తాయి.

అసలు వణుకు పట్టేది బయటికి వచ్చాకే. తడిసిన నిక్కరు, లుంగీ ఒంటికి అంటుకుని ఉండగా కట్ట మీద గాలి వీస్తుంది. ఒక గ్రాము నీరు ఒంటి మీద ఆవిరి కావడానికి 580 క్యాలరీల దాకా వేడిని లాక్కుంటుంది. వేడర్ చేసే పెద్ద మేలు ఇదే: కాళ్లు తడవవు కాబట్టి గట్టెక్కాక ఈ ఆవిరి చలి ఉండదు. వేళ్ల సందుల్లో చర్మం నాని పుండ్లు పడటం, జలగలు పట్టడం, జెల్ల ముల్లు గీరుకోవడం తగ్గుతాయి. పశువులు దిగే నీళ్లలో కాలి పగుళ్ల గుండా వచ్చే ఎలుక జ్వరం ముప్పూ తగ్గుతుంది. ఈ మేళ్లలో దేనికీ మందపాటి గుడ్డ అక్కర్లేదు. నీళ్లు దూరని గుడ్డ ఉంటే చాలు.

తొమ్మిదిన్నరకు ఎండ కట్ట మీదికి వస్తుంది. మధ్యాహ్నానికి 28, 30 డిగ్రీలు. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు కొన్ని రాత్రులు ఐదారు డిగ్రీలకు పడిపోతుంది గానీ పగలు అక్కడా వెచ్చనే. చలిదేశంలో రోజంతా ఒకే చలి, ఇక్కడ ఒకే పూటలో రెండు కాలాలు. వెచ్చదనాన్ని వేడర్‌లోనే కలిపి కుట్టించుకుంటే ఎండెక్కాక దాన్ని విడిగా తీసేసే వీలుండదు.

నాలుగు రకాల గుడ్డ

అన్నిటికంటే చవక, తేలిగ్గా దొరికేది నైలాన్ మీద పీవీసీ పూత వేసిన రకం. కింద గమ్ బూట్లు అతికి వస్తాయి. బరువు రెండు మూడు కిలోలు. దానికి సొంత వెచ్చదనం లేదు, చెమటనూ బయటికి పోనివ్వదు. పీవీసీ చలికి బిగుసుకుని పగులుతుందని విదేశీ కొనుగోలుదారులు రాసే మాట నిజమే. అయితే అది సున్నా దగ్గరి చలిలో సంగతి, ఓరుగల్లులో ఆ బెడద రాదు. ఇక్కడ పీవీసీని చంపేది ఎండ. దాన్ని మెత్తగా ఉంచే పదార్థం ఎండకు మెల్లగా బయటికి పోయి గుడ్డ గట్టిపడుతుంది, మోకాలి మడత దగ్గర సన్నటి గీత పడుతుంది, నెలలోపే ఆ గీత చీలికవుతుంది.

రబ్బరు పూసిన కాన్వాసు పాత కాలపు రకం. బరువెక్కువ, ముళ్లకు గట్టిగా నిలుస్తుంది. సైకిల్ పంక్చర్ వేసేవాళ్లు కూడా దానికి అతుకు వేయగలరు.

నియోప్రీన్ 1930లో డ్యూపాంట్ ప్రయోగశాలలో పుట్టిన కృత్రిమ రబ్బరు. వేడర్లకు వాడే రకంలో లోపల లెక్కలేనన్ని చిన్న గాలి బుడగలు మూసి ఉంటాయి. వేడిని ఆపేవి అవే, వేడర్‌ను నీటి మీద తేల్చేవీ అవే. వంగినా లేచినా ఒంటితో పాటు సాగుతుంది. దీని ఇబ్బందులు మూడు: చెమట పోదు, పైన అతికిన బట్ట నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. రోజూ చెరువులో దిగేవాళ్లకు మూడోదే పెద్ద కష్టం, రెండో రోజు తడి వేడర్‌లోనే కాళ్లు పెట్టాలి. ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున కదలకుండా కూర్చుని ఫొటోలు తీసేవాళ్లకు 3.5 ఎంఎం అర్థముంది. 5 ఎంఎం ఉత్తర తెలంగాణలో ఏ పనికీ అవసరం లేదు.

నాలుగోది ఆవిరిని పోనిచ్చే పొరల గుడ్డ. మూడు నుంచి ఐదు పొరలు అతికి చేస్తారు. మధ్య పొరలోంచి నీటి బొట్టు లోపలికి రాదు, చెమట ఆవిరి మాత్రం బయటికి పోతుంది. ఇది పనిచేయాలంటే లోపల వేడి, తేమ ఎక్కువగానూ బయట గాలి పొడిగానూ ఉండాలి. ఓరుగల్లు చలికాలపు పొడిగాలి దానికి బాగా అనుకూలం. అయితే నీళ్లలో మునిగిన భాగం నుంచి ఆవిరి సరిగా పోదు, నీటిపైన ఉన్న నడుము, ఛాతీ భాగమే ఆ పని చేస్తుంది. నడుము లోతులో అరపూట నిలబడి కాళ్లు పొడిగా ఉండాలని ఆశించడం సరికాదు. బూటు లేని రకం కిలో, కిలోన్నర మించదు, గంటలో ఆరుతుంది. ధర అన్నిటికంటే ఎక్కువ, సర్కారు తుమ్మ ముల్లుకు త్వరగా చిల్లు పడుతుంది. కొనేముందు మోకాళ్ల మీద, పిక్కల మీద రెండో పొర వేశారో లేదో తడిమి చూడాలి.

వల లాగేవాళ్లకు మంచి బూట్లున్న పలుచటి పీవీసీ సరిపోతుంది, ఎనిమిదిన్నర, తొమ్మిది కల్లా గట్టెక్కితే. పక్షులను లెక్కించేవాళ్లు కట్ట మీదా, శిఖం భూముల్లోనూ (నీళ్లు దిగాక బయటపడే చెరువు నేల) మైళ్లు నడుస్తారు, నీళ్లలో ఉండేది కాసేపే. వాళ్లకు పొరల గుడ్డే మేలు.

లోపల తడి: లీకా, చెమటా?

కొత్త వేడర్ లీకవుతోందని వెనక్కి పంపేవాళ్లలో చాలామందిది చెమట. కష్టమైన పనిలో మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా చెమట పడుతుంది. పీవీసీ లోపలి వైపు నీటితో చల్లగా ఉంటుంది, ఒంటి ఆవిరి దానికి తగిలి బొట్లు కడుతుంది, ఆ బొట్లు జారి బూట్లో చేరతాయి. చూడటానికి అచ్చం లీకే.

తేడా తడిని చూసి పట్టొచ్చు. చెమటైతే రెండు కాళ్లూ సమంగా, పలుచగా తడుస్తాయి. లీకైతే ఒక కాలు మాత్రమే, ఒక చోట నుంచి కిందికి చారలా తడుస్తుంది, ఆ చోట లోపలి బట్ట మిగతా దానికంటే చల్లగా తగులుతుంది. అప్పటికీ అనుమానం తీరకపోతే వేడర్‌ను ఇంట్లో పొడిగా తుడిచి, తొడుక్కోకుండా బూట్లకు రాళ్లు వేసి అరగంట నీళ్ల తొట్టిలో నడుము దాకా దించాలి. లోపల మనిషి లేడు కాబట్టి లోపల కనిపించే తడి లీకుదే.

లోపల నూలు బట్టలు వద్దు. నూలు చెమటను పీల్చుకుని పట్టి ఉంచుతుంది, పని ఆగిన పది నిమిషాలకే మంచుముద్దలా ఒంటికి అంటుకుంటుంది. జీన్స్ మరీ చెడ్డది, మోకాలి దగ్గర గట్టి కుట్టు వేడర్‌ను లోపలి నుంచి రాపాడుతుంది. పలుచటి పాలిస్టర్ ట్రాక్ ప్యాంటు, దాని మీద చలి గట్టిగా ఉన్న రోజు ఫ్లీస్ (మెత్తటి నూగున్న వెచ్చటి బట్ట) ప్యాంటు, కాళ్లకు ఉన్ని మేజోళ్లు ఒక జత. ప్యాంటు అంచును మేజోట్లో దోపితే తొడుక్కునేటప్పుడు పైకి జరగదు. ఎండెక్కాక ఫ్లీస్ తీసేస్తే సరి. రెండు జతల మేజోళ్లు ఇరుకు బూట్లో కుక్కితే వేళ్లకు రక్తం సరిగా అందక పాదం ఇంకా చల్లబడుతుంది. చలికి మందు బూట్లో వేళ్లు ఆడేంత జాగా.

బూటు, బురద

కాకతీయుల నాటి చెరువుల్లో పూడిక మెత్తన. పాదం దిగబడ్డాక నేరుగా పైకి లాగితే మడమ కింద ఖాళీ ఏర్పడి బురద బూటును కిందికి పీల్చి పట్టుకుంటుంది. బూటు వదులైతే కాలు బయటికి వస్తుంది, బూటు అక్కడే ఉంటుంది. అతికిన బూటైతే ఆ బలమంతా బూటుకూ గుడ్డకూ మధ్య అతుకు మీద పడుతుంది. వేడర్లలో ఎక్కువగా తెగేది ఈ అతుకే. మడమను పక్కకు తిప్పి గాలి దూరనిచ్చి, వేళ్లు కిందికి వంచి లాగితే తేలిగ్గా వస్తుంది.

బూటు అతికి ఉన్న రకం బురదకు మంచిది. తాళ్లు లేవు, గులకలు దూరవు, కడగడం సులువు. కొనేటప్పుడు చీలమండ దగ్గర పట్టు చూడాలి: మేజోడు వేసి తొడుక్కుని, ఇంకొకరు బూటు ముందు కొనను తొక్కి పట్టగా మడమ లేపితే ఒక వేలి వెడల్పు మించి లేవకూడదు. మేజోడు లాంటి పాదంతో వచ్చి, దాని మీద విడిగా తాళ్ల బూటు వేసుకునే రకం ఏటూరునాగారం దగ్గర గోదావరి రాళ్లలో, వాగుల్లో బాగుంటుంది. మెత్తటి చెరువులో దాన్ని కడగలేక విసుగొస్తుంది.

బూటు అడుగు భాగం లోతైన గాడులున్న రబ్బరుదే తీసుకోవాలి. నాచు రాళ్ల మీద ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి నార బట్ట) అడుగు బాగా పట్టే మాట నిజం. కానీ అది తడిని రోజుల తరబడి పట్టి ఉంచి ఒక నీటి నాచును, నత్త గుడ్లను ఇంకో నీటికి మోస్తుంది. డిడిమో అనే నాచు వ్యాప్తిని ఆపడానికి న్యూజిలాండ్ 2008లో ఫెల్ట్ అడుగుల్ని నిషేధించింది. ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు వెళ్లేవాళ్లు రబ్బరు అడుగునైనా బ్రష్‌తో కడిగి ఆరబెట్టాకే వెళ్లాలి.

కొలత

విదేశీ సైజులు పొడవు కాళ్ల మనుషులవి. ఐదడుగుల ఐదంగుళాల మనిషి ‘మీడియం’ తొడిగితే మోకాలి వెనక నాలుగు మడతలు పడతాయి. ఆ మడతలు ఒకదానికొకటి ఒరుసుకునే చోటే ముందు చిల్లు పడుతుంది. పొట్టిదైతే ఇంకో చిక్కు: గట్టెక్కడానికి కాలెత్తినప్పుడు గజ్జల కుట్టు సాగి విడుస్తుంది. లోపల వేసుకునే బట్టలతోనే గజ్జల నుంచి నేల దాకా కొలిచి, సైజు పట్టికలో అదే కొలత చూసుకోవాలి. ‘ఎం’, ‘ఎల్’ అక్షరాలను నమ్మకూడదు. బూటులో ఇక్కడి 8 అమెరికాలో దాదాపు 9, యూరప్‌లో 42. మేజోడు కోసం ఒక సైజు పెంచాలి, రెండు పెంచితే బురద లాగేస్తుంది.

సరుకు రాగానే ఇంట్లో చాప మీద పరీక్షించాలి. భుజాల పట్టీలు బిగించి గొంతుక్కూర్చోవాలి. పట్టీలు భుజాలను కోయకుండా, గజ్జల దగ్గర లాగకుండా మడమలు నేలకు ఆనితే కొలత సరిపోయినట్టే. తర్వాత ఒక కాలిని కుర్చీ మీద పెట్టి లేవాలి. థర్మకోల్ తెప్ప ఎక్కేటప్పుడు మోకాలు లేచేది అంత ఎత్తుకే.

లోపలికి నీళ్లు నిండితే

నీళ్లు నిండిన వేడర్ రాయిలా కిందికి లాగుతుందని అందరూ అంటారు. నీళ్లలో నీళ్లకు బరువుండదు, కాబట్టి నిండిన నీళ్లు మనిషిని ముంచవు. ప్రాణం తీసేవి వేరే రెండు. నిండిన కాళ్లు తన్నడానికి కదలవు, ఈతగాడైనా చేతులతోనే నెట్టుకురావాలి. గట్టెక్కేటప్పుడు ఆ నీళ్లకు మళ్లీ బరువు వస్తుంది, నలభై లీటర్లు నిండితే నలభై కిలోలు. జారుడు కట్ట మీద లేవబోయి మళ్లీ వెనక్కి పడతారు.

ఉత్తర తెలంగాణలో ఈ ముప్పు ఎక్కువగా ఉండేది పూడిక కోసమో మొరం కోసమో జేసీబీతో తవ్విన గుంతల దగ్గర. మోకాలి లోతులో నడుస్తూ ఒక్క అడుగులో మనిషి లోతుకు పోతారు. మురికి నీళ్లలో అంచు కనిపించదు. వేడర్ వేసుకున్నాక ‘తడవను’ అన్న ధైర్యంతో రోజూ వెళ్లని చోటికి కూడా అడుగు వేస్తారు, ప్రమాదం అక్కడే. ఎండాకాలంలో చెరువు అడుగు చూసినవాళ్లను గుంతల జాడ అడగాలి. వెదురు కర్రతో ముందు తడిమాకే బరువు మోపాలి, పాదం ఎత్తకుండా జరపాలి. ఒంటరిగా దిగనే కూడదు.

దిగేటప్పుడు పద్ధతి ఉంది. మీటరు లోతులో నీరు ప్రతి చదరపు సెంటీమీటరును వంద గ్రాముల బరువుతో నొక్కుతుంది, కాలికి గుడ్డ అంటుకుపోయేది అందుకే. మెల్లగా నడుము లోతుకు వెళ్లి ఒకసారి కూర్చుని లేస్తే లోపలి గాలి ఛాతీ మీంచి బుస్సున పోతుంది. బెల్టు బిగించాల్సింది అప్పుడే. గాలితో పాటే తెప్ప మీంచి ఒక్కసారిగా దూకితే ఆ గాలి కాళ్లలో చేరి కాళ్లను పైకి తేలుస్తుంది. బెల్టు బొడ్డు ఎత్తున, రెండు వేళ్లు కష్టంగా దూరేంత బిగువుగా ఉండాలి. పడిపోయినా అది కిందికి నీళ్లు వెళ్లడాన్ని బాగా తగ్గిస్తుంది. బెల్టు రాని వేడర్‌కు నైలాన్ పట్టీ, ఒక్క నొక్కుతో విడిపోయే ప్లాస్టిక్ బకిల్ వేరే కొనుక్కోవాలి. లైఫ్ జాకెట్ వేడర్ పైన వేసుకోవాలి, దాని కింద భుజాల బకిల్స్‌కు చెయ్యి అందుతోందో లేదో గట్టు మీదే చూసుకోవాలి.

పడితే వెల్లకిలా తిరిగి, మోకాళ్లు పొట్టకు ముడిచి, చేతులతో గట్టు వైపు తెడ్డులా వెయ్యాలి. గట్టు తగిలాక లేచి నిలబడకూడదు. పాకుతూ పైకి వచ్చి, పక్కకు దొర్లి, కాళ్లు ఎత్తుగా పెట్టి నీళ్లు కారనివ్వాలి.

చిల్లులు, అతుకులు, దాచడం

చిల్లు వెతకడానికి చీకటి గది, టార్చి చాలు. టార్చిని లోపల కాలి వెంట జరుపుతుంటే బయటి నుంచి చూసేవాళ్లకు చుక్కలా వెలుగు కనిపిస్తుంది, వెంటనే పెన్నుతో గుర్తు పెట్టాలి. నియోప్రీన్‌లో వెలుగు రాదు. దానికి నడుము దగ్గర తాడుతో బిగించి, పంపుతో కొంచెం గాలి నింపి, పైన సబ్బు నీళ్లు రాస్తే బుడగలు లేస్తాయి. పొరల గుడ్డను తిరగేసి లోపలి వైపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చల్లితే సూదిబెజ్జం కూడా నల్ల చుక్కగా బయటపడుతుంది.

అతుకులో తప్పంతా జిగురు దగ్గరే జరుగుతుంది. సైకిల్ ట్యూబు సొల్యూషన్ రబ్బరు బూటుకు బాగా పడుతుంది, పీవీసీకి పట్టదు, వారంలో ఊడుతుంది. పైపుల సాల్వెంట్ సిమెంట్ పీవీసీని పట్టుకుంటుంది గానీ ఎండాక గాజులా గట్టిపడి, మోకాలు వంగగానే చిట్లుతుంది. గాలి నింపే పడవలకు, టార్పాలిన్లకు వాడే మెత్తటి పీవీసీ జిగురు కావాలి. నియోప్రీన్‌కు నియోప్రీన్ సిమెంట్, పొరల గుడ్డకు సాగే యూరిథేన్ జిగురు. ఏదైనా ముందు బురద, చేప జిడ్డు పోయేలా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి, చిల్లు చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర సన్న గరుకు కాగితంతో రుద్దాలి, అతుకు ముక్క మూలలు గుండ్రంగా కోయాలి. చదరంగా కోస్తే మూల నుంచే లేస్తుంది. రాత్రంతా బరువు కింద ఉంచి, మర్నాడు కాకుండా ఆ మర్నాడు నీళ్లలో దించాలి.

పని అయ్యాక మంచినీళ్లతో కడిగి, లోపలి వైపు పైకి తిరగేసి నీడలో ఆరబెట్టాలి. బూట్లలో పాత పేపర్లు కుక్కి గంటకోసారి మారిస్తే తడి త్వరగా పోతుంది. మడిచి మూట కట్టొద్దు, బూట్లు పైకి వచ్చేలా దండెం మీద వేలాడదీయాలి. బోరు మోటారు గదిలో వద్దు, మోటారు నిప్పురవ్వల నుంచి పుట్టే ఓజోన్ రబ్బరు మీద సన్నటి పగుళ్లు తెస్తుంది. చేప వాసన పోకుంటే ఎలుకలు కొరుకుతాయి, ధాన్యం బస్తాల పక్కన పెడితే మరీనూ. దసరా దాటాక, తొలి వల దించడానికి వారం ముందు టార్చి పరీక్ష ఒకసారి చేసుకుంటే అతుకు వేయడానికీ ఆరడానికీ వ్యవధి దొరుకుతుంది.